మణెమ్మకు అప్పగించిన కాన్పు

1954 వర్షాకాలం. హైదరాబాదు పాతబస్తీలో, పురానాపూల్‌కు ఇవతల ఉన్న ఒక చిన్న జచ్చాఖానాకు నేను ఇన్‌చార్జి సిస్టర్‌ని. కాన్పుల దవాఖానను మా దగ్గర అందరూ జచ్చాఖానా అనేవారు, ఉర్దూ వచ్చినవాళ్లూ రానివాళ్లూ కూడా. అది ఒకప్పుడు ఎవరో నవాబు బంధువుల దేవిడీ, అంటే పెద్ద భవంతి. సున్నం కొట్టిన మందమైన గోడలు, మధ్యలో చిన్న వాకిలి, వాకిట్లో ఒక దానిమ్మ చెట్టు. తలుపుల పైన కమానుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజు పలకలు మిగిలి ఉండేవి. ఉదయం పూట ఎండ వాటిలోంచి దిగి తొట్టెల మీద పడేది. అప్పుడే పుట్టిన పిల్లలు ఒకరు ఆకుపచ్చగా, ఒకరు నీలంగా నిద్రపోతుంటే చూస్తూ నిలబడి చేతిలో పని మరిచిపోయిన రోజులు ఉన్నాయి.

జచ్చాఖానాలో పడకలు తక్కువ. చాలామంది ఇంట్లోనే కనేవారు. ఇంటి కాన్పులకు మా దగ్గరి నుంచి మిడ్‌వైఫ్, అంటే కాన్పు చేయడంలో శిక్షణ పొందిన నర్సు, తోలు సంచి పట్టుకుని వెళ్లేది. ఆ మిడ్‌వైఫ్‌లను తయారు చేయడం, వాళ్లతో పాటు నాలుగిళ్లు తిరగడం, వాళ్లు ఒంటరిగా వెళ్లగలరని నమ్మకం కుదిరాక పంపడం నా పని. మా ఇంట్లో తరతరాలుగా గుడి సేవ. నేను నర్సు చదువుకు పోతానన్నప్పుడు పెద్ద లొల్లి అయింది కానీ, నా పేరు వెనక సిస్టర్ అని చేరాక ఆ పెద్దవాళ్లే తమ కోడళ్లకు నొప్పులు మొదలైతే నాకు కబురు పెట్టేవారు.

నాకు పని నేర్పిన మేట్రన్ సికింద్రాబాద్ మనిషి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడేది. నన్ను ఇన్‌చార్జిగా పంపేటప్పుడు ఆమె ఒక్క సలహా ఇచ్చింది.

"అనసూయా, కేసులన్నీ రిజిస్టర్ల రాస్తవు. అది సర్కారుకు. నీ కోసం ఒక డైరీ పెట్టుకో. పేషెంట్ల సంగతి కాదు. ఇయాల నీ పక్కన నిలబడి పని చేసినోళ్లల్ల నువ్వు ఏం జూసినవో, గదే రాయి. ఊకె కూసొని రాయి, తొందర వద్దు."

మొదటి నెలల్లో ఏం రాయాలో తెలిసేది కాదు. కాళ్లు లాగుతున్నాయని రాసేదాన్ని. నీళ్లు రాలేదని రాసేదాన్ని. మెల్లగా మనుషులు కనిపించడం మొదలైంది. పొద్దు గూకే వేళ, ఇంటికి బయలుదేరే ముందు, వాకిట్లో అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల పరికరాలు మరుగుతున్న ఆవిరి, కార్బాలిక్ మందు వాసన, దానిమ్మ ఆకుల మీద పిచ్చుకల గోల. ఆ మసక వెలుతురులో రోజంతా మళ్లీ ఒకసారి, చప్పుడు లేకుండా, నా ముందు నుంచి నడిచిపోయేది. ఎవరి మీద విసుక్కున్నానో, ఎవరి ముఖం చిన్నబోయిందో, ఎవరు ఎవరూ చూడనప్పుడు ఒక మంచి పని చేశారో అప్పుడు తెలిసేది. పని మధ్యలో తెలిసేది కాదు.

మణెమ్మ సంగతి నాకు అలాగే తెలిసింది.

ఆ ఏడాది మొదట్లో, చలి ఇంకా తగ్గకముందే, ఆమె మా దగ్గర చేరింది. ఇరవై రెండో మూడో ఏళ్లుంటాయి. కార్వాన్‌లో ఒక గుడికి పూలమాలలు కట్టే ఇంటి పిల్ల. ఆమె నడుస్తుంటే చీర చప్పుడు కూడా వినిపించేది కాదు. పరీక్షలో బాగా పాసైంది, మామూలు కాన్పులు శుభ్రంగా చేసేది. కానీ ఏ చిన్న తేడా కనిపించినా రెండడుగులు వెనక్కి వేసేది. "అక్కా, మీరు పట్టుండ్రి" అని ఆమె చోటు నాకు ఇచ్చేసేది. నేను కూర్చునేసరికి ఆమె గోడ పక్కకు చేరి ఉండేది.

మిగతా సిస్టర్లు ఆమెను పిరికిది అన్నారు. నేనూ అలాగే అనుకుని ఉండేదాన్నేమో. కానీ ఒక సాయంత్రం డైరీ రాస్తూంటే ఆ రోజు మధ్యాహ్నం చూసిన ఒక దృశ్యం గుర్తొచ్చింది. నొప్పులతో అరుస్తున్న, ముప్పై దాటిన ఒకావిడ పక్కన మణెమ్మ కూర్చుని ఉంది. ఆమె అరచేతిని తన అరచేతిలో పెట్టుకుని, "కండ్లు మూసుకో వదినా. ఏం కనవడ్తున్నది, నాకు జెప్పు" అని అడుగుతోంది. ఆ మనిషి మొదట కసురుకుంది. తర్వాత, "చెరువు" అంది. "చెరువుల ఏమున్నది?" "బర్రెలు." "ఎన్ని?" అలా మాట్లాడుతూ మాట్లాడుతూ, నొప్పికీ నొప్పికీ మధ్య ఉన్న ఆ కాస్త ఎడంలో ఆవిడ నిజంగా నిద్రపోయింది. నేను ఎన్నో కాన్పులు చేశాను. నా పక్కన ఎవరూ అలా నిద్రపోలేదు.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను. "మణెమ్మ పక్కన ఉంటే భయం ఆ గదిలోంచి వెళ్లిపోతుంది. అందరి భయం పోతుంది, ఆమెది తప్ప. ఎందుకు?"

మర్నాడు ఆ ప్రశ్న ఆమెనే అడిగాను. ఇద్దరం వాకిట్లో కూర్చుని రబ్బరు గ్లవ్స్‌కు పౌడరు రాస్తున్నాం. ఆమె ఇంకో జత అందుకుంది. తర్వాత గ్లవ్ వైపే చూస్తూ చెప్పింది.

"ట్రైనింగుల ఉన్నప్పుడు ఒక బ్రీచ్ కేసు జూసిన అక్కా."

బ్రీచ్ అంటే బిడ్డ తలకిందులుగా కాక, పిరుదులు ముందుగా రావడం. ఎదురుకాన్పు అంటారు మనవాళ్లు. అందులో ఒళ్లంతా బయటికి వచ్చాక చివరికి తల రావాలి. అక్కడే ప్రమాదం.

"ఏమైంది?"

"చేసేటామె పరేషానయింది. సగం వచ్చిన బిడ్డను పట్టి గుంజింది. గుంజంగనే చేతులు రెండు మీదికి పోయినయి, తల పక్కకు. ఇగ తల రాలే. నేను దీపం పట్టుకొని నిలవడ్డ. నా ముంగటనే..." గ్లవ్‌కు ఇంకా కొంచెం పౌడరు రాసింది. "గప్పటి సంది, ఏదన్న జర తేడా ఉంటే నా చేతులు గుంజుతయేమోనని భయం. నా చేతుల మీద నాకే ఎత్‌బార్ లేదు."

ఎత్‌బార్ అంటే నమ్మకం. ఆ మాట అన్నప్పుడు ఆమె తన చేతులను ఎవరివో పరాయి చేతులను చూసినట్టు చూసుకుంది.

ధైర్యం చెప్పడం సులభం. "ఏం కాదు" అని భుజం తట్టి వెళ్లిపోవచ్చు. దానితో ఆమెకు ఒరిగేదేమీ లేదని నాకు అనిపించింది. కావలసింది సమయం, అది నా దగ్గర తక్కువ. అయినా రోజూ మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక జచ్చాఖానా నిద్రలోకి జోగే వేళ, ఆమె కోసం కొంచెం తీసి పెట్టాను. మణెమ్మ పాత చీరతో ఒక బట్టబొమ్మ కుట్టింది. అసలు బిడ్డంత బరువు రావాలని లోపల ఇసుక పోసి, కాటుకతో కళ్లు పెట్టింది. ఒక చెక్కపెట్టెకు గుండ్రంగా రంధ్రం కోయించాను. ఆ పెట్టెలోంచి ఆ బొమ్మ ఎన్నిసార్లు ఎదురుకాన్పుగా పుట్టిందో చెప్పలేను. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని నిలబడి నవ్వేది.

బ్రీచ్ కాన్పులో మొదటి పాఠం విచిత్రంగా ఉంటుంది. చేతులు దూరంగా ఉంచాలి. నడుం దాకా, బొడ్డు దాకా, భుజాల దాకా తల్లి నొప్పులే బిడ్డను తీసుకొస్తాయి. చేసేవాళ్లు కూర్చుని చూడాలి. మెడ వెనక జుట్టు మొదలయ్యే గీత కనిపించేదాకా బిడ్డ తన బరువుతో తానే వేలాడాలి. అప్పుడు, అప్పుడు మాత్రమే, కాళ్లు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాలి.

"ఊకె కూసునుడే నాతోని కాదక్కా" అనేది మణెమ్మ.

"గదే నేర్సుకోవాలె. నాకూ మస్తు రోజులు పట్టింది."

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కార్వాన్ నుంచి టాంగా వచ్చింది. తెల్లవారుజాము నుంచీ వాన. చింతపండు, ఎండుమిరప టోకు వ్యాపారం చేసే ఒక పాత కుటుంబం కబురు పంపింది. మలక్‌పేటలో ఇచ్చిన కూతురు కౌసల్య కాన్పుకు పుట్టింటికి వచ్చింది, నొప్పులు మొదలయ్యాయి. మణెమ్మ వంతు అది. ఆమె మొహం చూసి, నేనూ సంచి పక్కన ఎక్కి కూర్చున్నాను.

పురానాపూల్ మీద టాంగా నెమ్మదించింది. కింద మూసీ ఎర్రగా, నురగలతో, వంతెన కమానుల నిండా పారుతోంది. అవతలి ఒడ్డు వానలో కరిగిపోయి, ఇళ్లు ఉన్నాయో లేవో తెలియనట్టు ఉంది. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. టాంగావాలా వెనక్కి తిరిగి, "ఫికర్ నక్కో కరో బాయీ, మేరా ఘోడా పానీ కూ నై డర్తా" అన్నాడు. దిగులు పడొద్దట, తన గుర్రం నీళ్లకు భయపడదట. మణెమ్మ నది వైపు చూస్తూ చిన్నగా నవ్వింది. కాసేపు మేం ముగ్గురం, ఆ గుర్రం, ఏ ఊరికీ చెందకుండా నీటి మీద తేలుతున్నట్టు అనిపించింది.

ఇల్లు పెద్దది. ముందు గదుల్లో బస్తాలు. వాన తేమకు చింతపండు పులుపు, మిరప ఘాటు కలిసి ముక్కులోకి వచ్చేవి. కౌసల్య తల్లి రాజుబాయి గుమ్మంలోనే ఎదురైంది. పెద్ద బొట్టు, గట్టి గొంతు, కానీ కొంగు చివర వేళ్ల మధ్య నలుగుతోంది.

"సిస్టరమ్మా, మొదటిది పురిట్లనే పోయింది. ఈసారి ఏం కావొద్దు" అంది.

లోపలి గదిలో కిటికీకి గోనె పట్టా కట్టారు. దాని వెనక వాన వెలుతురు, గదంతా నీటి అడుగున ఉన్నట్టు మసకగా, చల్లగా ఉంది. మంచం మీద కౌసల్య కళ్లు తెరిచి పడుకుని ఉంది. ఏడవడం లేదు. అడిగినదానికి జవాబు చెప్పడం లేదు. మొదటి కాన్పు నాటి గదిలోనే ఆమె ఇంకా ఉన్నట్టనిపించింది.

మణెమ్మ చేతులు కడుక్కుని పొట్ట మీద ఆనించి చూసింది. పక్కటెముకల కింద ఆమె వేళ్లు ఆగాయి. ఫీటోస్కోప్, అంటే బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న గొట్టం, బొడ్డు పైభాగాన పెట్టింది. చాలాసేపు విన్నది. తర్వాత లోపల పరీక్ష చేసింది. లేచి నా వైపు వచ్చేసరికి పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"అక్కా, తల మీదికున్నది. బ్రీచ్. తొవ్వ మొత్తం తెరుసుకున్నది."

నేనూ చూశాను. నిజమే. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. మామూలుగా అయితే ఎదురుకాన్పును మేం అఫ్జల్‌గంజ్ వైపున్న పెద్ద దవాఖానకు పంపుతాం. కానీ కౌసల్యకు అప్పటికే ముక్కే నొప్పులు వస్తున్నాయి. ఆ వానలో, టాంగాలో, సగం దారిలో బిడ్డ బయటపడితే ఇద్దరికీ ప్రమాదం.

"ఏం జేద్దాం?" అని ఆమెనే అడిగాను.

ఆమె కౌసల్య వైపు చూసింది. "ఇప్పుడు కదిలించొద్దు. ఈడనే చెయ్యాలె." ఆ వెంటనే, నాకు బాగా తెలిసిన ఆ మాట అంది. "మీరు కూసోండ్రి అక్కా. నేను పక్కకుంట."

గుమ్మంలోంచి వింటున్న రాజుబాయి ముందుకు వచ్చింది. "అవునమ్మా, మీరే చెయ్యాలె. గా పోరి వద్దు. ఆమెకు గింత అనుభవం ఉండదు. మీ కాళ్లు మొక్కుత."

ఆ నిమిషం నాకు ఈ రోజుకీ గుర్తుంది. కూర్చోవడం నాకు సులభం. నా చేతులు ఆ పనికి అలవాటు పడినవే. ఎవరూ నన్ను తప్పు పట్టరు. కానీ మా కింద అన్ని పేటలున్నాయి, వాటన్నిటికీ నేను ఒక్కదాన్నే. రేపో ఎల్లుండో, నేను లేని ఇంట్లో, మణెమ్మ ఒంటరిగా ఇలాంటి తల్లి ముందు నిలబడుతుంది. ఆమె మొదటి బ్రీచ్ అప్పుడా కావాలి? నేను పక్కనే, చేయి చాపేంత దూరంలో ఉన్న ఈ రోజు కాదా? ఇంకో పక్క, ఒకసారి బిడ్డను పోగొట్టుకున్న మనిషి నా ముందు పడుకుని ఉంది. నేర్పడానికి ఆమె బిడ్డను వాడుకునే హక్కు నాకు లేదు. మణెమ్మ చేయగలదని నాకు నిజంగా తెలిస్తేనే ఆమెను కూర్చోబెట్టాలి.

తెలుసా? నన్ను నేను అడిగాను. ఎన్నో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆమె గురించి రాసిన చిన్న చిన్న సంగతులు, చీర చప్పుడు చేయని ఆ నడక, ఆ అరచేతులు, ఇసుకబొమ్మ మెడను అనుమానం లేకుండా పట్టుకున్న వేళ్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. అవి రాసి ఉండకపోతే ఆ గదిలో నాకు కనిపించేది ఆమె తెల్లబడిన పెదవులు మాత్రమే.

"అమ్మా," అన్నాను రాజుబాయితో, "ఈ పిల్ల చేతుల నా సొంత బిడ్డనైనా పెడ్త. నేను ఏడికి పోను. ఆమె పక్కనే ఉండి ఆమె అడిగింది అందిస్త. నా మాట మీద ఇడువుండ్రి."

రాజుబాయి నా మొహం, మణెమ్మ మొహం మార్చి మార్చి చూసింది. కూతురి తల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

మణెమ్మ నన్ను పక్కకు లాగింది. "అక్కా, నేను గుంజితే?"

"గుంజవు."

"ఒకవేళ?"

"నీ చెయ్యి మీద నా చెయ్యి పెడ్త. గంతే. ఇగ పో, కూసో."

కౌసల్యను మంచం అంచుకు జరిపాం. ఎదురుగా పొట్టి పీట మీద మణెమ్మ కూర్చుంది. నేను హెల్పర్ చోటులో, కౌసల్య పక్కన నిలబడి పొట్ట మీద చేయి ఆనించాను. నొప్పి వస్తుంటే పొట్ట బిగుసుకోవడం ముందు చేతికే తెలుస్తుంది. దాన్ని చెప్పడం హెల్పర్ పని. చాలా ఏళ్ల తర్వాత నేను ఆ చోటులో నిలబడ్డాను. అక్కడి నుంచి గది వేరుగా కనిపించింది.

కౌసల్య ముక్కడం లేదు. నొప్పి వస్తోంది, పోతోంది, ఆమె కళ్లు కప్పు వైపే ఉన్నాయి. మణెమ్మ తన చేతులు ఒళ్లో పెట్టుకుని, మెల్లగా మాట్లాడింది.

"వదినా. కండ్లు మూసుకో. ఏం కనవడ్తున్నది?"

కౌసల్య రెప్ప వాల్చలేదు.

"నాకైతే వచ్చేటప్పుడు నది కనవడ్డది. ఎర్రగ, వంతెన నిండ. నీకేం కనవడ్తున్నది?"

కిటికీ పట్టా మీద వాన కొడుతోంది. తర్వాత కౌసల్య గొంతు, ఎక్కడో దూరం నుంచి. "గుర్రాలు."

"ఏడ?"

"మలక్‌పేటల. మా ఇంటి ముంగట. పందెం గుర్రాలను పొద్దుగాల మంచుల నడిపించుకుంట పోతరు."

"ఏం రంగు?"

"ఒకటి తెల్లది." ఆమె కళ్లు మూసుకుంది. "మెల్లగ పోతది. ముక్కులకెల్లి పొగలు."

"మంచిగున్నది. గా తెల్లదాని ఎంబడి పో. నొప్పొస్తే జెప్త, గప్పుడు ముక్కు. ఇప్పుడైతే నడువు."

నా చేతి కింద పొట్ట గట్టిపడింది. "వస్తున్నది" అన్నాను. "ఇప్పుడు వదినా, ఇప్పుడు" అంది మణెమ్మ. కౌసల్య ఒక్కసారిగా, ఎక్కడెక్కడి బలమో తెచ్చుకుని ముక్కింది.

అలా ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను. నొప్పి, గుర్రాలు, నొప్పి, గుర్రాలు. బిడ్డ పిరుదులు కనిపించాయి, వెనక్కి పోయాయి, మళ్లీ వచ్చాయి. మణెమ్మ చేతులు ఒళ్లోనే. ఒక పెద్ద నొప్పికి నడుం దిగింది, కాళ్లు ఒకదాని వెనక ఒకటి జారాయి, బొడ్డు దాకా వచ్చింది. ఆడపిల్ల. మణెమ్మ బొడ్డుతాడును కాస్త వదులు చేసి, వెచ్చని పొడి గుడ్డ కప్పి, మళ్లీ చేతులు తీసేసింది.

అది చూసి రాజుబాయి తట్టుకోలేకపోయింది. "ఏందమ్మా గట్ల చూసుకుంట కూసున్నవు! సగం బయటనే ఉన్నది. పట్టి గుంజు!"

మణెమ్మ భుజాలు అదిరాయి. ఆమె కుడిచేయి ఒళ్లోంచి లేచింది. నేను చూశాను. నా చేయి కూడా లేచింది. ఆమె చేయి మీద పెట్టడానికా, ఆమెను పక్కకు జరిపి నేను పట్టుకోవడానికా, నాకే తెలియదు. ఆ క్షణంలో నోరు తెరిస్తే ఏదో ఒకటి చెప్పేసి ఉండేదాన్ని. కానీ మణెమ్మ చేయి గాలిలోనే ఆగింది. మళ్లీ ఒళ్లోకి దిగింది. ఆమె తల తిప్పకుండా, అదే మెల్లని గొంతుతో, "అమ్మా, బిడ్డ వస్తున్నది. ఆమె రావాలె, మనం తేవద్దు" అంది. నేనూ నా చేయి దించుకుని పొట్ట మీద పెట్టాను.

"వస్తున్నది" అన్నాను.

తరువాతి నొప్పికి భుజాలు వచ్చాయి. గుండెల మీద ముడుచుకున్న రెండు చేతులూ, ఎవరూ ముట్టకుండానే, ఒకదాని తర్వాత ఒకటి జారి బయటికి వచ్చాయి. పైకి పోలేదు. మణెమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఇక తల మిగిలింది. బిడ్డ వేలాడుతోంది. గదిలో అందరం ఆ చిన్న మెడ వైపు చూస్తున్నాం. వాన ఆగిందో, మాకు వినిపించడం మానేసిందో. నా ఒంట్లో ప్రతి నరం ముందుకు దూకుతోంది. అప్పుడు మెడ వెనక, తడిసిన నల్లటి జుట్టు గీత కనిపించింది.

మణెమ్మ నా వైపు చూడలేదు. రెండు చీలమండలు పట్టుకుని, కాస్త సాగదీసి, పూలదండను దేవుడి మెడలోకి ఎత్తినట్టు ఆ ఒంటిని పైకి ఎత్తింది. గడ్డం, నోరు, ముక్కు. అక్కడ ఆగింది. సన్నని గొట్టంతో నోట్లో ఉన్న తెమడ పీల్చింది. తర్వాత నుదురు, తల, ఎంత మెల్లగా వచ్చాయంటే అది ఎప్పుడు పూర్తయిందో తెలియలేదు.

బిడ్డ నీలంగా, మెత్తగా ఉంది. ఏడవలేదు. రాజుబాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. మణెమ్మ బిడ్డను బోర్లించి వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది, మళ్లీ నోరు శుభ్రం చేసింది. "రా తల్లీ, రా, గింత దూరం వచ్చినవు" అంటూనే ఉంది. ఒక చిన్న వెక్కు. ఇంకొకటి. తర్వాత ఇల్లంతా వినపడేలా, కోపంగా, ఒక ఏడుపు.

కౌసల్య కళ్లు తెరిచింది. "గా ఏడుపు నా బిడ్డదేనా?" అని అడిగింది. ఆ రోజు మేం ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె తనంతట తానుగా అన్న మొదటి మాట అది.

రాజుబాయి బిడ్డను అందుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లి ఎగాదిగా చూసింది. "ముక్కు వాళ్ల తాతదే. ఏం జేస్తం" అని, బిడ్డ ముఖం మీద ముఖం పెట్టి ఏడ్చింది. కాసేపయ్యాక మణెమ్మ దగ్గరికి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. మణెమ్మ ఆ చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు వాన తెరిపి ఇచ్చింది. పడమట మబ్బు చిరిగి, తడిసిన గోడలన్నీ పసుపు రాసినట్టు వెలిగాయి. టాంగాలో మణెమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక వణకడం మొదలుపెట్టింది, ఒళ్లంతా, చలిజ్వరం వచ్చినట్టు. నేను నా శాలువ కప్పాను. "ఇప్పుడొచ్చిందక్కా భయం" అని నవ్వుతూ ఏడ్చింది. "గప్పుడు ఏడికి పోయిండెనో."

ఆ సాయంత్రం డైరీలో పెద్దగా రాయలేకపోయాను. "మణెమ్మ చేయి ఒకసారి లేచింది, దానంతట అదే దిగింది. దించింది ఆమే. నేను కాదు" అని రాసి డైరీ మూశాను.

ఆ తర్వాత మణెమ్మ చోటు వదిలి గోడ పక్కకు పోలేదు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. కష్టమైన కేసుకు వెళ్లే ముందు సంచి రెండుసార్లు విప్పి చూసుకునేది. పెద్ద దవాఖానకు పంపవలసిన వాళ్లను వెంటనే, మొహమాటం లేకుండా పంపేది. కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడగవలసిన సంగతులు ఆమెను అడగడం మొదలుపెట్టారు. మొదట్లో నాకు కొంచెం వెలితిగా ఉండేది. తర్వాత ఆ వెలితిలోనే నాకు సుఖం అలవాటయింది.

కొన్నేళ్లకు మలక్‌పేటలో కొత్త కేంద్రం తెరుస్తూ, ఇన్‌చార్జిగా ఎవరిని పంపాలో చెప్పమని నన్ను అడిగారు. నా చేతికింద ఉన్నవాళ్లలో నాకు విడవడం అన్నిటికన్నా కష్టమైన పేరు చెప్పాను.

"నన్ను ఎల్లగొడ్తున్నరా అక్కా?" అని ఆమె కోపం చేసింది.

"అవును" అన్నాను. ఇద్దరం నవ్వాం, కానీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మనుషుల మీద నమ్మకం పెట్టాలని పెద్దలు తేలిగ్గా చెబుతారు. నమ్మకం ఊరికే పుట్టదని నాకు ఆ కార్వాన్ కాన్పు నేర్పింది. ఒక మనిషిని రోజూ కొంచెం శ్రద్ధగా చూసి, చూసినదాన్ని నిదానంగా తలచుకుంటే అది నెమ్మదిగా జమ అవుతుంది. ఆ తర్వాత ఒక రోజు వస్తుంది. ఆ రోజు మన చేతులకు పని ఉండదు. పక్కన నిలబడి ఉండాలి, అంతే. నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

మలక్‌పేట కేంద్రం తెరిచాక, చలికాలంలో ఒక ఉదయం ఏదో కాగితాల పని కల్పించుకుని అక్కడికి వెళ్లాను. వీధంతా మంచు. లోపల ఒక కాన్పు జరుగుతోంది. అలవాటుగా కొంగు దోపుకుని గది వైపు నడిచాను. మణెమ్మ గుమ్మంలోనే ఆపింది.

"అక్కా, ఏమనుకోకుండ్రి. మీరు జర బయట కూసోండ్రి. కొత్త పిల్ల చేస్తున్నది. మిమ్మల్ని జూస్తే పరేషానయితది."

"సరే" అన్నాను.

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎవరో చాయ్ తెచ్చి ఇచ్చారు. మంచులోంచి ఎండ మెల్లగా కాళ్ల మీదికి పాకింది. కప్పు రెండు చేతుల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని ఎంతసేపున్నానో. లోపల ఒక బిడ్డ ఏడ్చింది. ఆ బిడ్డను అందుకున్న పిల్ల పేరు కూడా నాకు తెలియదు. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. నెమ్మదిగా తాగాను.